కండర విద్యుత్ నమోదులకు పాఠపరిష్కరణ దృష్టి: ఛాతీ స్పందన వాదం, తెలుగు అక్షరం

వ్యాససంగ్రహం:
ప్రతి అక్షరానికీ ఛాతీ కండరాల స్పందన ఒకటి ఆధారంగా ఉంటుందన్న స్టెట్సన్ వాదాన్ని 1950లలో ఎడిన్‌బరో పరిశోధకులు కండరాల విద్యుత్ నమోదులతో పరీక్షించి నిరాకరించారు. తెలుగును అక్షర సమకాల భాషగా పేర్కొన్న లయ వర్గీకరణ ఆ వాదం మీదనే నిలిచింది. నమోదైన విద్యుత్తు సాక్ష్యంగా మారే క్రమంలో జరిగే వడపోత, నునుపు, సగటు అనే ప్రక్రియలను ఈ వ్యాసం పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలిస్తుంది. ఆ సాక్ష్యం తెలుగు అక్షరం విషయంలో ఎంతవరకు చెల్లుతుందో చర్చిస్తుంది.

కీలక పదాలు: అక్షరం, మాత్ర, ఛాతీ స్పందన, ఎలక్ట్రోమయోగ్రఫీ, సిగ్నల్ సంస్కరణ, లయ వర్గీకరణ, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ ధ్వనిశాస్త్రాచార్యుడు డేవిడ్ అబర్‌క్రోంబీ 1967లో ప్రచురించిన ‘ఎలిమెంట్స్ ఆఫ్ జనరల్ ఫొనెటిక్స్’ గ్రంథంలో తెలుగు పేరు ఒకచోట కనిపిస్తుంది. భాషల లయను రెండు వర్గాలుగా విభజిస్తూ ఆయన ఇంగ్లీషు, రష్యన్, అరబిక్ భాషలను ఒకవైపు, ఫ్రెంచి, తెలుగు, యొరూబా భాషలను మరొకవైపు ఉంచారు. మొదటి వర్గంలో ఊనిక పడిన అక్షరాలు సమాన కాలవ్యవధులలో వస్తాయి. రెండవ వర్గంలో అక్షరాలన్నీ సమాన వ్యవధులలో వస్తాయి. కొలతలేవీ జతపరచకుండా ఉదాహరణప్రాయంగా చెప్పిన మాట ఇది. గురువుకు రెండు మాత్రలనీ లఘువుకు ఒక మాత్ర అనీ బడిలోనే నేర్చుకున్న తెలుగు పాఠకుడికి ఇది వింతగా తోచక మానదు. అక్షరాలన్నీ సమానమే అయితే గురులఘు భేదానికి చెవిలో ఆధారమేది?

ఈ ప్రశ్నకు ఛందశ్శాస్త్రం వైపు నుంచి జవాబు చెప్పడం తేలిక. కాని అబర్‌క్రోంబీ వర్గీకరణ ఛందస్సు మీద ఆధారపడినది కాదు. అది శరీరం మీద, ఇంకా స్పష్టంగా చెప్పాలంటే పక్కటెముకల మధ్య ఉండే కండరాల మీద ఆధారపడినది. కాబట్టి దాని బలాబలాలను కండరాల దగ్గరే తేల్చాలి. కండరం ఎప్పుడు పనిచేసిందో తెలుసుకోవడానికి వాడుకలో ఉన్న ప్రధాన సాధనం దానిలో పుట్టే విద్యుత్తును నమోదు చేసే ఎలక్ట్రోమయోగ్రఫీ, సంక్షిప్తంగా ఈఎంజి. ఇక్కడ అక్షరమంటే లిపిచిహ్నం కాదు, ఒక అచ్చు కేంద్రంగా ఒక్క ఊపులో పలికే ఉచ్చారణ భాగం.

పరిభాష గురించి మరొక మాట. సిగ్నల్ అనే పదానికి తెలుగులో ‘సంకేతం’ అన్నది స్థిరపడుతోంది. అలంకారశాస్త్రంలో సంకేతమంటే ఈ పదానికి ఈ అర్థమన్న ఒడంబడిక. ఆ ఒడంబడిక వల్ల తెలిసేదే సంకేతితార్థం. కండరంలో పుట్టే విద్యుత్తుకు ఎవరితోనూ ఏ ఒడంబడికా లేదు. దాన్ని ‘సంకేతం’ అనగానే అందులో అర్థం ముందే నిక్షిప్తమై ఉన్నదన్న భ్రమ కలుగుతుంది. ఈ వ్యాసం ఖండించదలచినది సరిగ్గా ఆ భ్రమనే గనుక ‘సిగ్నల్’ అనే వాడుక పదాన్నే ఇక్కడ స్వీకరించడమైనది.

2. స్టెట్సన్ వాదం, ఎడిన్‌బరో సమాధానం

అమెరికాలోని ఓబర్లిన్ కళాశాలలో పనిచేసిన రేమండ్ హెచ్. స్టెట్సన్ 1928లో ‘మోటార్ ఫొనెటిక్స్’ ప్రచురించారు. అక్షరమంటే ధ్వనుల సముదాయం కాదని, అది ఒక కదలిక అని ఆయన ప్రతిపాదన. పక్కటెముకల మధ్య కండరాలు ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్కసారి చురుకుగా సంకోచించి గాలిని బయటకు నెడతాయని, హల్లులు ఆ నెట్టుడును మొదలుపెట్టడానికో ఆపడానికో తోడ్పడతాయని ఆయన భావించారు. దీనికే ఛాతీ స్పందన వాదమని పేరు. అక్షర నిర్వచనాన్ని లిపి నుంచీ వ్యాకరణం నుంచీ తప్పించి శరీరవ్యాపారంగా చూపినందువల్ల ఈ వాదానికి గొప్ప ఆకర్షణ కలిగింది. అయితే స్టెట్సన్ వాదానికి ముఖ్యమైన ఆధారాలు గాలి ఒత్తిడి, ఛాతీ గోడ కదలికల నమోదులు. కదలికను చూసి కండరాన్ని ఊహించారు. గాలి ఒత్తిడి పెదవులు మూసుకున్నా పెరుగుతుంది, కంఠం బిగిసినా పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన ప్రతిసారీ ఛాతీయే నెట్టిందనడానికి వీలులేదు.

ఈ లోపాన్ని పూరించే ప్రయత్నం అబర్‌క్రోంబీ పనిచేస్తున్న ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోనే జరగడం విశేషం. ఆయన వద్ద ధ్వనిశాస్త్రం అభ్యసించిన పీటర్ లడెఫోగెడ్, శరీరధర్మశాస్త్రజ్ఞులు డ్రేపర్, విటరిడ్జ్‌లతో కలిసి మాట్లాడేటప్పుడు శ్వాసకండరాలలో పుట్టే విద్యుత్తును నమోదు చేశారు. 1958లో ‘సిలబుల్స్ అండ్ స్ట్రెస్’, 1959లో ‘రెస్పిరేటరీ మజిల్స్ ఇన్ స్పీచ్’ అనే వ్యాసాలు వెలువడ్డాయి.

వారు చూపిన దృశ్యం స్టెట్సన్ చిత్రానికి చాలా దూరం. నిండా గాలి పీల్చి మాట్లాడడం మొదలుపెట్టినప్పుడు ఛాతీ తనంతట తానే కుదించుకుపోవాలని చూస్తుంది. అప్పుడు చేయవలసింది గాలిని నెట్టడం కాదు, పట్టి ఉంచడం. ఆ దశలో బాహ్య కండరాలు పక్కటెముకలను పైకి పట్టి ఉంచుతాయి. గాలి తగ్గుతున్నకొద్దీ వాటి పని ఆగి, ఆంతర కండరాల పని మొదలవుతుంది. చివరి దశలో ఇతర కండరాలు సాయం వస్తాయి. ఆంతర కండరాలలో కనిపించిన విద్యుత్ విజృంభణలు అక్షరానికి ఒకటి చొప్పున లేవు. అవి ఎక్కువగా ఊనిక పడే అక్షరాలకు ముందు కనిపించాయి. ‘పిటీ’ వంటి రెండక్షరాల ఇంగ్లీషు మాటను ఒకే విజృంభణతో పలికిన సందర్భాలు ఉన్నాయి. ‘స్పోర్ట్’, ‘స్టే’ వంటి ఏకాక్షర పదాలలో రెండు విజృంభణలు కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. అక్షరం ఒకటి, స్పందన ఒకటి అన్న లెక్క అక్కడ తప్పింది.

అంతటితో ఛాతీ స్పందన వాదం ముగిసిపోయిందని ధ్వనిశాస్త్ర చరిత్రలు సాధారణంగా చెబుతాయి. కాని 1995లో హిక్సన్, వైస్మర్ ఎడిన్‌బరో అధ్యయనాన్ని మళ్లీ తీసి కఠినంగా విమర్శించారు. పొత్తికడుపు కండరాల పాత్రకు తగిన స్థానం ఇవ్వకపోవడం వారి ఆక్షేపణలలో ఒకటి. నిలబడో కూర్చునో మాట్లాడే మనిషిలో ఆ కండరాలు విశ్రాంతిగా ఉండవు. అంటే ఒక వాదాన్ని కూల్చిన సాక్ష్యమే తరవాత ప్రశ్నార్థకమైంది. దీని భావం స్టెట్సన్ చెప్పినది నిజమని కాదు. ఒక నమోదు తనంతట తాను దేన్నీ రుజువు చేయదు. దానికీ నిర్ణయానికీ మధ్య చాలా చేతులు పనిచేస్తాయి.

3. ముడి నమోదుకూ గీతకూ మధ్య

తెలుగు పరిశోధకుడికి ఈ విషయం కొత్తది కావలసిన పనిలేదు. ఒక కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికినప్పుడు పరిష్కర్త వాటిని యథాతథంగా అచ్చువేయడు. లేఖక దోషాలను తొలగిస్తాడు, పాఠాంతరాలను పోలుస్తాడు, శిథిలమైన చోట ఊహిస్తాడు. చివరకు అచ్చయిన పాఠం ఏ ఒక్క తాళపత్రంలోనూ ఉన్నదున్నట్టుగా ఉండదు. ధ్వనిశాస్త్ర గ్రంథాలలో కండర చలనాన్ని చూపే నునుపైన గీత సరిగ్గా ఇటువంటి పరిష్కృత పాఠమే. అధోజ్ఞాపికలో పాఠాంతరాలు ఇవ్వని పరిష్కరణను విమర్శకులు అంగీకరించరు. కండర విద్యుత్ గీత విషయంలో మాత్రం అటువంటి అధోజ్ఞాపిక అడిగే అలవాటు భాషాశాఖలలో ఏర్పడలేదు.

ముడి నమోదు ఎలా ఉంటుంది? ఒక నాడీకణం, అది నడిపే కండరతంతువుల గుంపు కలిసి ఒక చాలక ఘటకం. నాడీకణం స్పందించినప్పుడల్లా ఆ తంతువులలో ఒక చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది. అది ఒకసారి ధనం వైపు, ఒకసారి ఋణం వైపు ఊగుతుంది. ఇటువంటి ఘటకాలు ఎన్నో వేర్వేరు క్షణాలలో స్పందిస్తే, ఆ తరంగాలన్నీ ఒకదానిపై ఒకటి పడి చిక్కుపడిన నూలుపోగులా కనిపిస్తాయి. చర్మం మీద నమోదయ్యే విద్యుత్తు కొన్ని మైక్రోవోల్టుల నుంచి కొన్ని మిల్లీవోల్టుల వరకు ఉంటుంది. అందులో ఉపయోగపడే భాగం దాదాపు 20 నుంచి 450 హెర్ట్‌జ్ వరకు వ్యాపించి ఉంటుంది. 500 హెర్ట్‌జ్ వరకు ఉన్న మార్పులను నిలుపుకోవాలంటే సెకనుకు 1000కి మించి నమూనాలు తీసుకోవాలి. అంతకంటె తక్కువ తీసుకుంటే లేని తరంగాలు ఉన్నట్టు కనిపిస్తాయి.

మొదటి పని వడపోత. 20 హెర్ట్‌జ్‌కు దిగువన ఉండే నెమ్మది ఊగిసలాటలు చాలావరకు తీగల కదలిక వల్ల, చర్మం సాగడం వల్ల పుట్టేవి గనుక వాటిని తొలగిస్తారు. గోడలోని కరెంటు తీగల నుంచి 50 హెర్ట్‌జ్ రొద చేరుతుంది. ఎడిన్‌బరోలోనైనా హైదరాబాదులోనైనా ఆ అంకె ఒకటే. ఆ ఒక్క పౌనఃపున్యాన్ని కత్తిరించి పారేయడం సులువైన ఉపాయమే కాని, కండర విద్యుత్తులో బలమైన భాగం కూడా ఆ పరిసరాలలోనే ఉంటుంది. కలుపుతో పాటు పైరు పోతుంది.

ఛాతీ విషయంలో అంతకంటె పెద్ద చిక్కు గుండె. పక్కటెముకల దగ్గర చర్మం మీద అతికించిన ఎలక్ట్రోడ్‌కు గుండె విద్యుత్తు కూడా చేరుతుంది. చాలాసార్లు అదే పెద్దదిగా కనిపిస్తుంది. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుందనుకుంటే సెకనుకు 1.2 చప్పుళ్లు. ఒక్కొక్క చప్పుడులోని వాడి భాగం సెకనులో పదోవంతు లోపు ముగుస్తుంది. దాన్ని తొలగించకుండా నునుపు చేస్తే, ఒక మెత్తని గుట్ట మిగులుతుంది. మాట ఊనికతో దానికి ఏ సంబంధమూ లేదు. అయినా గీతలో చూసేవారికి అది ఛాతీ స్పందనలాగే కనబడుతుంది! కుడివైపున నమోదు చేయడం, వడపోత దిగువ హద్దును 30 హెర్ట్‌జ్ వరకు పెంచడం వంటి జాగ్రత్తలు ఇందుకోసమే. ఎడిన్‌బరో పరిశోధకులు ఈ పొరపాటు చేశారని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఛాతీ నుంచి తీసిన ఏ గీతనైనా చదివేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదని చెప్పడమే.

రెండో పని ఋణభాగాన్ని ధనంగా తిప్పడం. దీన్నే రెక్టిఫికేషన్ అంటారు. పైకీ కిందికీ సమానంగా ఊగే తరంగాన్ని అలాగే సగటు చేస్తే సున్నా వస్తుంది గనుక ఇది తప్పనిసరి. కాని కండరం లోపలే ఒక తరంగపు ధనభాగం, మరొక తరంగపు ఋణభాగం కలిసి కొంత రద్దయిపోయి ఉంటుంది. రెక్టిఫికేషన్ ఆ నష్టాన్ని తిరిగి తేలేదు. అందువల్ల గీత ఎత్తు రెట్టింపైతే కండరం పని రెట్టింపైందని చెప్పడానికి వీలులేదు. శిక్షాగ్రంథాలు వర్ణోత్పత్తికి చెప్పిన ‘ప్రయత్నం’ అనే మాటకు ఈఎంజి గీతను పర్యాయంగా వాడాలన్న ఉత్సాహం కలగడం సహజమే గాని, ఆ సమీకరణం చెల్లదు. అలసిన కండరంలో బలం తగ్గుతున్నా గీత ఎత్తు పెరగవచ్చు. ఊపిరి నిండుగా ఉన్నప్పుడూ ఖాళీ అయినప్పుడూ పక్కటెముకల మధ్య కండరాల పొడవు మారుతుంది గనుక ఒకే ఎత్తు రెండు వేర్వేరు బలాలను సూచించవచ్చు. ఈఎంజి సాక్ష్యమిచ్చేది విద్యుత్ వ్యాపారానికి మాత్రమే. దాని నుంచి బలానికి, బలం నుంచి ప్రయత్నానికి వెళ్లడం రెండు వేర్వేరు అనుమానాలు.

మూడో పని నునుపు చేయడం. ఛాతీ స్పందన వాదానికి సంబంధించినంతవరకు అసలు తీర్పు ఇక్కడే జరుగుతుంది. మామూలు సంభాషణలో మనిషి సెకనుకు సుమారు 5 అక్షరాలు పలుకుతాడనుకుందాం. ఒక్కొక్క అక్షరానికి 200 మిల్లీసెకన్లు. స్టెట్సన్ చెప్పినట్టే ప్రతి అక్షరానికీ ఒక స్పందన నిజంగా ఉందని, అవి సమాన వ్యవధులలోనే వస్తున్నాయని వాదం కోసం ఒప్పుకుందాం. ఇప్పుడు తిప్పిన సిగ్నల్‌ను 200 మిల్లీసెకన్ల కాలఖండంతో జరుగుతూ సగటు తీస్తే ఏమవుతుంది? ఆ కాలఖండం ఎక్కడ నిలిచినా దానిలోకి సరిగ్గా ఒక పూర్తి స్పందన వస్తుంది. సగటు ఎక్కడా మారదు. గీత సమతలంగా వస్తుంది. సెకనుకు 5 స్పందనలు ఉన్నా ఒక్కటీ కనిపించదు! స్టెట్సన్ ఓడిపోతారు.

కాలఖండాన్ని 25 మిల్లీసెకన్లకు తగ్గిస్తే ఫలితం తలకిందులవుతుంది. స్థిరంగా బిగించి ఉంచిన కండరంలో కూడా చాలక ఘటకాలు యాదృచ్ఛిక క్షణాలలో స్పందిస్తాయి గనుక అంత చిన్న కాలఖండంలో గీత నిండా మిట్టపల్లాలు కనిపిస్తాయి. ప్రతి అక్షరం దగ్గరా ఏదో ఒక మిట్ట దొరుకుతుంది. వెదికేవారికి స్పందనలు కావాలంటే అవి సిద్ధం. ఒకే ముడి నమోదు ఒక సంస్కరణలో ఒక వాదాన్ని కూల్చి, మరొక సంస్కరణలో అదే వాదాన్ని నిలబెట్టగలదు. కాలఖండపు వెడల్పు చెప్పకుండా ‘స్పందన కనిపించింది’ అన్నా, ‘కనిపించలేదు’ అన్నా ఆ వాక్యం అసంపూర్ణం. 1950ల నాటి ప్రయోగశాలలలో ఆసిలోస్కోపు తెరమీది తరంగాన్ని ఫిల్ము మీదికెక్కించి కంటితో చదవడం మామూలు పద్ధతి. కంటికి కూడా ఒక కాలఖండం ఉంటుంది, కాకపోతే దాన్ని ఎవరూ అంకెగా రాయలేదు.

నునుపు వల్ల కాలం కూడా జరుగుతుంది. 6 హెర్ట్‌జ్ హద్దుగా ఉన్న సాధారణ రెండో తరగతి బటర్‌వర్త్ వడపోత గీతను సుమారు 37 మిల్లీసెకన్లు వెనక్కు జరుపుతుంది. హ్రస్వాచ్చు వ్యవధిలో అది చెప్పుకోదగ్గ భాగం. ఈ జాప్యాన్ని పోగొట్టడానికి సిగ్నల్‌ను ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనుక నుంచి వడపోయడం నేటి పద్ధతి. జాప్యం పోతుంది గాని, కండరం నిజంగా కదలకముందే గీత లేవడం మొదలుపెడుతుంది. విజృంభణ అక్షరానికి ‘ముందు’ వచ్చిందా, ‘తోడుగా’ వచ్చిందా అన్న చర్చలో ఈ తేడా అల్పమైనది కాదు. కండర విద్యుత్తు కనిపించిన తరవాతగాని బలం పుట్టదు గనుక సహజంగానే కొంత ముందస్తు ఉంటుంది. సహజమైన ముందస్తు ఎంత, వడపోత కల్పించిన ముందస్తు ఎంత అన్నది విడదీసి చూపవలసిన బాధ్యత పరిశోధకుడిది.

4. సగటు పాఠం

1960ల నుంచి అమెరికాలోని హాస్కిన్స్ ప్రయోగశాలలో మరొక పద్ధతి వృద్ధిచెందింది. వక్త చేత ఒకే మాటను అనేకసార్లు పలికించి, ధ్వనిలో స్పష్టంగా గుర్తించగల ఒక క్షణాన్ని, ఉదాహరణకు పెదవులు విడివడిన క్షణాన్ని, జోడింపు బిందువుగా తీసుకుని, నమోదులన్నిటినీ ఆ బిందువు దగ్గర కలిపి కంప్యూటరుతో సగటు తీసేవారు. యాదృచ్ఛికమైన మిట్టపల్లాలు ఒకదాన్నొకటి రద్దుచేసుకుని, ప్రతిసారీ జరిగే పని మాత్రం మిగులుతుంది. అనేక ప్రతుల సంవాదంతో మూలపాఠాన్ని నిర్ణయించే పద్ధతికి ఇది అచ్చమైన సాదృశ్యం.

పరిష్కరణలో ఉన్న ప్రమాదమే ఇక్కడా ఉంది. జోడింపు బిందువుకు దగ్గరగా జరిగిన పనులు పదునుగా కనిపిస్తాయి. దూరంగా జరిగినవి, ఒక్కోసారి ఒక్కో వేగంతో పలికినందువల్ల, పలచబడి వెడల్పైన గుట్టలుగా మారతాయి. నాలుగక్షరాల మాటలో మొదటి అక్షరం దగ్గర జోడిస్తే చివరి అక్షరం కండరం మందంగా, నిర్జీవంగా తోస్తుంది. చివర జోడిస్తే మొదటిది అలా తోస్తుంది. పదాదిలో బలం ఎక్కువ, పదాంతంలో తక్కువ అనే నిర్ణయం ఒక్క జోడింపు బిందువు నుంచే పుట్టవచ్చు. తెలుగులో ఊనిక పదాదిలో పడుతుందా, దీర్ఘాక్షరం మీద పడుతుందా అన్న చర్చకు ఇటువంటి సాక్ష్యాన్ని ఎవరైనా తెచ్చినప్పుడు ఈ విషయం జ్ఞాపకముంచుకోవాలి.

ఈ పద్ధతిని విచక్షణతో వాడినప్పుడు ఎంత ప్రయోజనమో చూపడానికి కగాయా, హిరోసే 1975లో హిందీ స్పర్శాలపై ప్రచురించిన అధ్యయనం మంచి ఉదాహరణ. వారు కంఠంలోని కండరాల విద్యుత్తును ఒక్కదాన్నే నమ్ముకోలేదు. ఫైబర్ కాంతితంతువుల ద్వారా నాదతంత్రుల మధ్య సందు తెరుచుకోవడాన్ని చూశారు, ధ్వనితరంగాన్నీ విశ్లేషించారు. ఘోష మహాప్రాణాలలో స్పర్శ విడివడే దశలో కంఠద్వారం కొంత తెరుచుకుంటుందని మూడు సాక్ష్యాలూ కలిసి తేల్చాయి. ఘోష మహాప్రాణాలలో శ్వాసమూ నాదమూ రెండూ ఉంటాయని ప్రాతిశాఖ్యకారులు చెప్పినదానికి ఇది చాలా దగ్గరి మాట. ఇక్కడ విశ్వాసం కలగడానికి కారణం గీత నునుపు కాదు. ఒకదానిపై ఒకటి ఆధారపడని మూడు ‘ప్రతులు’ ఒకే పాఠాన్ని చూపడం. ఛాతీ విషయంలో అటువంటి సంవాదం కుదరలేదు.

5. తెలుగు పేరు మిగిలిన తీరు

మళ్లీ అబర్‌క్రోంబీ దగ్గరికి రావాలి. ఊనిక సమకాలం, అక్షర సమకాలం అనే మాటలు కెనెత్ పైక్ 1945లోనే వాడారు. వాటికి శారీరక ఆధారం కల్పించినది అబర్‌క్రోంబీ. ఛాతీ స్పందనలు సమాన వ్యవధులలో వస్తే అక్షర సమకాల భాష, వాటిపై అదనంగా పడే ఊనిక స్పందనలు సమాన వ్యవధులలో వస్తే ఊనిక సమకాల భాష. ఈ నిర్మాణమంతా స్టెట్సన్ పునాది మీదే లేచింది. ఆ పునాదిని కదిలించిన వ్యాసం తమ విశ్వవిద్యాలయం నుంచే వెలువడిన తొమ్మిదేళ్లకు అబర్‌క్రోంబీ గ్రంథం వచ్చింది. ధ్వనిశాస్త్ర చరిత్రలో ఇది తమాషా అయిన ఘట్టం. అయినా అబర్‌క్రోంబీని మొండివాడని కొట్టిపారేయడం న్యాయం కాదు. లడెఫోగెడ్ బృందం కాదన్నది అక్షరానికీ స్పందనకూ ఉన్న ఒకటికొకటి సంబంధాన్ని. భాషల లయ వేర్వేరుగా వినిపిస్తుందన్న అనుభవాన్ని వారు కాదనలేదు. అబర్‌క్రోంబీ చెవి విన్నదానిని వదులుకోలేక పాత శరీరశాస్త్రాన్ని దానికి తొడుగుగా ఉంచుకున్నారు. చెవిది తప్పు కాకపోవచ్చు. తొడుగు మాత్రం చిరిగిపోయింది.

1982లో పీటర్ రోచ్ అబర్‌క్రోంబీ పేర్కొన్న ఆ ఆరు భాషలనే, తెలుగుతో సహా, ధ్వని కొలతలతో పరీక్షించారు. ఆ కొలతలు రెండు వర్గాల విభజనను సమర్థించలేదు. తరవాత 2007లో లలితా మూర్తి, ఒటాకె, కట్లర్ వినికిడి ప్రయోగాలు చేశారు. జపనీస్ మాటలను విన్నప్పుడు తెలుగు శ్రోతలు, జపనీయుల మాదిరిగానే, అక్షరానికంటె చిన్నదైన మోరా అనే కాలప్రమాణం హద్దులను ఆధారం చేసుకున్నట్టు ఫలితాలు సూచించాయి. తెలుగు మాటలను తెలుగువారే విన్నప్పుడు ఫలితాలు మిశ్రమంగా వచ్చాయని ఆ పరిశోధకులే చెప్పారు గనుక దీన్ని తుదితీర్పుగా తీసుకోరాదు. అయినా మోరాకు మన మాత్ర చాలా దగ్గరి బంధువు. కండరం దగ్గర మొదలైన వాదం శ్రోత చెవి దగ్గరికి వచ్చేసరికి ఛందశ్శాస్త్రం గుమ్మంలో నిలిచింది. ఛాందసులు ముందే చెప్పారు గదా అని మురిసిపోవడానికి మాత్రం ఇది చాలదు. ఛందస్సు ఒక కృతక నియమం, దానిలోని రెండు మాత్రలు గడియారంతో కొలిచినవి కావు.

6. ‘ఎపుడు’, ‘ఎప్పుడు’

తెలుగు అక్షరం గురించి కండర విద్యుత్తు చెప్పగల మాట ఏదైనా ఉంటే అది ఛాతీ దగ్గర కాకుండా పెదవుల దగ్గర దొరికే అవకాశం ఎక్కువ. పక్కటెముకల మధ్యకు సూది ఎలక్ట్రోడ్ పంపడం ఊపిరితిత్తికి గాయమయ్యే ప్రమాదంతో కూడుకున్నది. వైద్యుని పర్యవేక్షణ లేకుండా భాషాశాఖలు తలపెట్టవలసిన పని కాదు. పెదవుల చుట్టూ ఉన్న కండరం చర్మానికి ఆనుకునే ఉంటుంది. దాని విద్యుత్తును చర్మం మీద అతికించిన చిన్న ఎలక్ట్రోడ్లతోనే నమోదు చేయవచ్చు. పక్క కండరాల విద్యుత్తు కలిసే అవకాశం అక్కడా ఉంది, కాని గుండె రొద బాధ చాలా తక్కువ.

పరీక్షకు కావలసిన మాటలను పద్యకవులు ఎప్పుడో సిద్ధం చేసి ఉంచారు. గణం కోసం ‘ఎప్పుడు’ను ‘ఎపుడు’గా, ‘అప్పుడు’ను ‘అపుడు’గా వాడడం మామూలు. ‘ఎపుడు’ మూడు లఘువులు, మూడు మాత్రలు. ‘ఎప్పుడు’ ఒక గురువు, రెండు లఘువులు, నాలుగు మాత్రలు. అక్షరాల సంఖ్య రెండింటిలోనూ మూడే. అక్షర సమకాలం నిజమైతే రెండు మాటల మొత్తం వ్యవధి దాదాపు సమానం కావాలి. మాత్ర నిజమైతే రెండోది స్పష్టంగా పొడవు కావాలి. ఈ భాగానికి కండర విద్యుత్తు అక్కరలేదు, ధ్వనితరంగాన్ని కొలిస్తే చాలు.

కండరం అవసరమయ్యేది తరవాతి ప్రశ్నకు. ‘ప్ప’లో పెదవులు మూసే కండరం ఒక్కసారి దీర్ఘంగా పనిచేస్తుందా, లేక రెండు విజృంభణలుగా పనిచేస్తుందా? మొదటిదైతే ద్విత్వం పొడవైన ఒక హల్లు. రెండోదైతే వైయాకరణులు చెప్పినట్టు రెండు హల్లులు, మొదటిది ముందు అక్షరాన్ని మూసి గురువు చేసేది, రెండోది తరవాతి అక్షరాన్ని తెరిచేది. ఇక్కడ నునుపు మళ్లీ తీర్పరి అవుతుంది. మూసి ఉంచిన వ్యవధి కంటె కాలఖండం పెద్దదైతే రెండు విజృంభణలు ఒకటిగా కరిగిపోతాయి. మరీ చిన్నదైతే ‘ఎపుడు’లోని ఒంటి పకారంలో కూడా రెండు మిట్టలు మొలుస్తాయి. అందుచేత కాలఖండాన్ని ‘ప్ప’ను చూసి కాక ఒంటి ‘ప’ను చూసి ముందుగా నిర్ణయించాలి. ఒంటి పకారంలో ఒక్క విజృంభణే నిలకడగా కనిపించే వెడల్పును ఎంచుకుని, దాన్ని మార్చకుండా ‘ప్ప’కు వర్తింపజేయాలి. సగటు గీతతో పాటు ఒక్కొక్క ఉచ్చారణ ముడి నమోదును, వడపోత హద్దులను, జోడింపు బిందువును ప్రకటించాలి. జోడింపు బిందువును పెదవులు మూసుకున్న క్షణం దగ్గర ఒకసారి, విడివడిన క్షణం దగ్గర ఒకసారి ఉంచి రెండు గీతలనూ పక్కపక్కన చూపాలి. మాటలను వాక్యంలో ఒకసారి, పద్యపాదంలో ఒకసారి పలికించాలి. పద్యం చదివేటప్పుడు తెలుగువాడి నోరు గణాన్ని దృష్టిలో పెట్టుకుని గురువును సాగదీస్తుంది. వచనంలో ఆ నిర్బంధం ఉండదు. పద్యంలో రెండు విజృంభణలు కనిపించి, వచనంలో ఒకటే కనిపిస్తే, అప్పుడు తేల్చవలసింది ద్విత్వం ఒకటా రెండా అన్నది కాదు, ఛందస్సు పెదవి కండరానికి ఏమి నేర్పిందన్నది.